పెరుగన్నం దాకా లేవకుండా

రైలు నరసరావుపేట దాటి పది నిమిషాలు కాలేదు, ఫోను మోగింది. మా ఆయన.

"ఇంగువ ఎక్కడ పెట్టావు?"

"పోపుల డబ్బా పక్కన, ఎర్రమూత సీసాలో."

"ఎర్రమూత సీసాలు రెండున్నాయి."

"రెండూ వాసన చూడండి" అని పెట్టేశాను. ఎదురు సీటులో కూర్చున్న పెద్దాయన నవ్వు ఆపుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గుంటూరు నుంచి కాచిగూడ పోయే ఆ బండిలో, యాభై దాటిన వయసులో, మొదటిసారి ఒక్కదాన్నే ప్రయాణం చేస్తున్నాను. ఎవరి పెళ్లికీ కాదు, ఎవరి పురుడుకీ కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చూసి నాలుగో రోజు సాయంత్రం తిరుగు బండి ఎక్కాలని బయల్దేరాను. ఆ ఊళ్లే ఎందుకని స్టేషన్‌లో దింపడానికి వచ్చిన మా అబ్బాయి కిశోర్ అడిగాడు. గద్వాలలో చీర కొనుక్కోవాలి. నాగర్‌కర్నూల్ దగ్గర నాకు ఒక స్నేహితురాలుంది. పైగా ఆ దారిలో మనకు చుట్టాలెవరూ లేరు. మూడోదే అసలు కారణం, అది వాడికి చెప్పలేదు.

కోపం మొదలైంది ఊటీలో. ఈ వేసవిలో మేమూ, మా బావగారి కుటుంబమూ కలిసి వెళ్లాం. హోటల్ తిండి పడదని మా ఆయన వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. "ఇంటి భోజనం తింటూ హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చు" అన్నారు. ఎవరి విశ్రాంతి అని నేను అప్పుడే అడగాల్సింది. కుక్కరు, కందిపప్పు, కారం, ఆవకాయ జాడీ మోసుకుంటూ కొండెక్కాం. ఊటీ కొండల్ని నేను గిన్నెలు కడిగే తొట్టి పైనున్న కిటికీలోంచి చూశాను. బాగానే ఉన్నాయి. చివరి రోజు గుత్తివంకాయ తిని వేళ్లు నాక్కుంటూ కిశోర్ ప్రకటించాడు: "అమ్మా, ఈ చెయ్యి ఇంట్లో వృథా అయిపోతోంది. కర్రీ పాయింట్ పెడదాం."

వృథా అట! పొద్దున కాఫీ నుంచి రాత్రి పాలు తోడుపెట్టేదాకా వాడిన చెయ్యి వృథా అయిపోతోందట!

ఇంటికొచ్చిన కొద్దిరోజులకే బోర్డు తయారైంది. "అమ్మ చేతి వంట" అని పెద్ద అక్షరాలు, పక్కన నా ఫొటో. బావగారి అమ్మాయి పెళ్లిలో తీసిన ఫొటో అది. అందులో నా చేతిలో పూలదండ ఉండేది. కంప్యూటర్‌లో దండ తీసేసి గరిటె పెట్టారు. బజార్లో గది మాట్లాడేశారు, శ్రావణంలో మంచిరోజు చూసేశారు. నన్ను తప్ప అందర్నీ అడిగారు. నాలుగు రోజులు ఎటైనా వెళ్లి ఆలోచించుకుని చెబుతానంటే మా ఆయన వింతగా చూశారు. "ఆలోచించడానికేముంది? నువ్వెలాగూ ఖాళీగా ఉండలేవు. రెండో రోజుకే వెనక్కి వచ్చేస్తావు. నీకసలు కూర్చోవడం రాదు" అన్నారు.

ఒళ్లు మండింది. అది నిజమేమోనన్న భయం నాకూ ఉంది కాబట్టి ఇంకా ఎక్కువ మండింది. పెళ్లయిన నాటి నుంచి నేను ఏ భోజనమూ మొదటి ముద్ద నుంచి పెరుగన్నం దాకా లేవకుండా తిన్నది లేదు. పప్పులో ఉండగా ఒకరికి నెయ్యి కావాలి. చారులో ఉండగా అప్పడం కావాలి. నేను మళ్లీ వచ్చి కూర్చునేసరికి నా కంచంలో అన్నం ఎండిపోయి ఉంటుంది. అందుకని రైల్లో నాతో నేనే ఒక పందెం వేసుకున్నాను. ఈ ప్రయాణంలో గరిటె ముట్టను. వేరే ఎవరో వండిన ఇంటి భోజనం ఒక్కటంటే ఒక్కటి, పెరుగన్నం దాకా లేవకుండా తింటాను. తినగలిగితే బోర్డు కట్టొద్దంటాను. తినలేకపోతే మా ఆయన మాటే నిజం, వెళ్లి ఆ బోర్డు కింద నిలబడతాను.

గద్వాలలో దిగేసరికి తెల్లవారుతోంది. ఈ దారిన వచ్చేవాళ్ల కోసం చెబుతున్నాను, స్టేషన్ బయట ఆ వేళకే ఆటోలుంటాయి, బస్టాండు దగ్గర లాడ్జీలున్నాయి. నాకు దొరికిన గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు అడిగితే బకెట్‌తో తెచ్చి గుమ్మం ముందు పెట్టారు. స్నానం చేసి, ఇడ్లీ తిని, కోట చూశాను. ఊరి మధ్యలో మట్టికోట, లోపల చెన్నకేశవుడి గుడి. గుడి మెట్ల మీద కాసేపు కూర్చుందామనుకున్నాను. కూర్చుని, మెట్టు మీద రాలిన పూరేకులన్నీ ఏరి ఒక మూల కుప్పగా పెట్టాను. చేస్తున్నానని కూడా నాకు తెలియలేదు.

మధ్యాహ్నం "ఇంటి భోజనం" అని రాసి ఉన్న మెస్సు కనిపిస్తే ఆశగా లోపలికి వెళ్లాను. ఇంకా పప్పు కలుపుకుంటూ ఉండగానే నా కుర్చీ వెనక ఒకాయన వచ్చి నిలబడ్డాడు. నేను ఎప్పుడు లేస్తానా అని కాపలా. చారు పోసుకునేసరికి ఆయన చెయ్యి కుర్చీ మీదకు వచ్చింది. "అక్కా, అయిపాయెనా?" అని మర్యాదగానే అడిగాడు. వంటగది కిటికీలోంచి చూస్తే నా వయసామె ఒకతె తడినేల మీద నిలబడి అన్నం వారుస్తోంది. "అవ్వా, జల్ది!" అని ఇవతలి నుంచి ఒకటే కేక. నాకు పెరుగు దిగలేదు, లేచి చెయ్యి కడుక్కున్నాను. ఇంట్లోనూ అంతే కదా, వండే ఆమెకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, తినేవాళ్లకు ఆ సంగతి పట్టదు. ఇంటి భోజనమని బోర్డు మీద రాసింది అబద్ధమేమీ కాదు.

సాయంత్రం చీర కోసం నేతగాళ్ల వీధికి వెళ్లాను. అక్కడ ఎవర్ని అడిగినా ఇంట్లోకి రమ్మని చూపిస్తారు. నేను వెళ్లిన ఇంట్లో భర్త మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. భార్య లక్ష్మి పక్కనే రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుడుతోంది. చిలకపచ్చ నూలు చీర, కుంకుమరంగు పట్టు అంచు. చూడగానే నాదనిపించింది. బేరం ఆడలేదు. కొన్నాక లేవబోతే లక్ష్మి ఒప్పుకోలేదు.

"ఈ యాళకు వస్తివి, తినకుండ యాడికి పోతవ్ అక్కా? జర కూసో, రెండు రొట్టెలు చేస్త."

రాట్నం ఆపి, ఆ వంగిన నడుముతోనే పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఈమె లేవగానే కండెలు ఆగిపోయాయని భర్త లోపలి నుంచి గొణిగాడు. లక్ష్మి నా వైపు చూసి నవ్వింది. "నేను చేసేది పని గాదంట అక్కా. ఎవలన్న అడిగితే మా ఇంటామె ఊకనే ఉంటది అని చెప్తడు."

ఇంకేముంది, నా చేతులు ఊరుకోలేదు. కత్తిపీట లాక్కుని ఉల్లిగడ్డలు తరిగిపెట్టాను. కత్తిపీట గరిటె కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. జొన్నరొట్టె వేడిగా, పైన పొంగి, అంచు కొంచెం మాడి, దాంట్లోకి ఉల్లిగడ్డ కారం. నోట్లో పెట్టుకుంటే ప్రాణం లేచొచ్చింది. కాని ఆమె నిలబడి కాలుస్తుంటే నేను కూర్చుని తినలేక ఒక చేత్తో రొట్టె, ఒక చేత్తో విసనకర్ర పట్టుకున్నాను. ఆ రుచి నాలుక మీద ఉండగానే లాడ్జికి వచ్చి నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున ఆత్మకూరు వైపు వెళ్లే బస్సెక్కి జూరాల దగ్గర దిగాను. గేట్లు ఇంకా ఎత్తలేదు. కృష్ణ నిండుగా, నిమ్మళంగా ఉంది. డ్యామ్ పక్కన చేపల దుకాణాలు వరసగా ఉంటాయి. అప్పటికప్పుడు కోసి, కారం పట్టించి, నూనెలో వేసి ఇస్తారు. ఈ దారిన వచ్చేవాళ్లు ఇది వదులుకోవద్దు. నేను ముళ్లు కూడా చూసుకోకుండా గబగబా తింటుంటే దుకాణమామె మందలించింది.

"ఆరాంగ కూసోని తిను అక్కా. ముండ్లుంటయ్. ఎవలొస్తరు నిన్ను తరుముకుంట?"

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. మన వైపు విశ్రాంతి అంటే డాక్టరు రాసిచ్చినట్టు ఉంటుంది. ఆరాం అంటే కాళ్లు చాపుకున్నట్టుంది. ఆరాంగా, ఆరాంగా అనుకుంటూ ఇంకొక ముక్క తీసుకున్నాను. నదిని చూశాను. నిజంగా భుజాల మీది బరువు దిగినట్టుంది. అప్పుడు ఫోను మోగింది.

"పులుసులో ఉప్పెక్కువైంది. ఏం చెయ్యాలి?"

"నదిలో కలిపేయండి."

"నదేంటి?"

"ఏం లేదు. బంగాళాదుంప ముక్కలు వేసి మరిగించండి."

చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను. చేప చల్లారిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది, ఆయన మీద కాదు, టక్కున జవాబు చెప్పిన నా నోటి మీద.

ఆత్మకూరులో మారి వనపర్తి బస్సెక్కాను. బస్సు నిండా ఆడవాళ్లే. ఇక్కడ వాళ్లకు టికెట్ లేదు కదా. నేనూ ఆధార్ తీసి చూపిస్తే కండక్టరు తిప్పి ఇచ్చేశాడు. "ఆంధ్రా కార్డు నడవదమ్మా. మీకు టికెట్ కొట్టాలె." సరే, కొట్టమన్నాను. పక్క సీటామె ఒళ్లో పుంటికూర కట్టలు పెట్టుకుని ఆకు తుంచుతోంది. మన గోంగూరే. రెండు స్టాపులు దాటేసరికి ఒక కట్ట నా ఒళ్లో ఉంది. ఆమె ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. ఆమె అదేమీ వింత కాదన్నట్టు కాడలు వేయడానికి నా వైపు కవరు జరిపింది. వనపర్తిలో దిగేటప్పుడు నా వేళ్లు పుల్లటి వాసన.

వనపర్తి రాజావారి ప్యాలెస్ ఇప్పుడు కాలేజీ. పాత గోడలు, పొడవాటి వరండాలు, సెలవు కాబట్టి సందడి లేదు. చెట్టు కింద అరుగు మీద కూర్చున్నాను. ఆ ఊళ్లో నాకు ఒక్క పనీ లేదు. నన్ను పిలిచేవాళ్లు లేరు. కొద్దిసేపటికే లేచి, అక్కడ పడి ఉన్న చిప్స్ కవర్లు ఏరి డబ్బాలో వేశాను. రాత్రి లాడ్జిలో దుప్పటి తీసి, మడతలు సరిచేసి, మళ్లీ పరిచాను. బల్ల తుడిచాను. అప్పుడు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు. మా ఆయన అన్నది నిజమే. నాకు కూర్చోవడం రాదు. ఇన్నేళ్లలో ఎవరూ నేర్పలేదు, నేర్చుకోనివ్వలేదు, ఇప్పుడేమో రాదని వెక్కిరిస్తున్నారు.

ఆ కోపంలోనే నాగర్‌కర్నూల్ స్నేహితురాలు అనసూయకు ఫోను చేశాను. ఇద్దరం కాశీయాత్రలో ఒకే గదిలో ఉన్నాం. అప్పటి నుంచి రోజూ పొద్దున ఫోనులో దేవుడి బొమ్మలు పంపుకుంటాం. రమ్మని ఎన్నిసార్లు పిలిచిందో. వాళ్ల భాషలో మాట్లాడితే సంతోషిస్తుందని, కొత్తగా నేర్చుకున్న మాట వాడాను.

"అనసూయా, నాకు ఆరాం లేదు."

"అయ్యో! ఎప్పటి సంది అక్కా?"

"ఎన్నో ఏళ్ల నుంచి. ఇంక నావల్ల కాదు. అందుకే రేపు నీ దగ్గరికి వస్తున్నాను."

"ఇంట్ల చెప్పినవా? వాళ్లేమన్నరు?"

"చెప్పినా వాళ్లకు పట్టదు."

"గదేంది! గింత సంగతి పట్టకపోతె ఎట్ల? ఒంటిగ వస్తున్నవా? బస్టాండ్ల కదలకుండ కూసో. మేమే వస్తం."

నా బాధ ఇంత బాగా అర్థం చేసుకున్న మనిషి భూమ్మీద ఒకతె ఉందని కళ్లు తుడుచుకున్నాను. ఆ రాత్రి నిద్రపట్టింది.

వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్‌కు బస్సులు బాగానే ఉన్నాయి. దారి పొడవునా కొత్తగా మొలిచిన పత్తి, ఎర్రనేల, మధ్యమధ్య రాళ్లగుట్టలు. బస్టాండులో దిగేసరికి అనసూయ, ఆమె కోడలు సుజాత ఎదురుగా ఉన్నారు. అనసూయ కొడుకు నర్సింహ ఆటో ఇంజను ఆపకుండా గేటు దగ్గర ఉన్నాడు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకున్నారు. సంచి నా చేతికి అందనివ్వలేదు. ఇంత మర్యాదా అని సిగ్గుపడుతూ ఎక్కాను. "మెల్లగ పోనియ్ రా, గుంతలల్ల ఎయ్యకు" అని అనసూయ దారంతా కొడుకును హెచ్చరిస్తూనే ఉంది.

ఊరి చివర పల్లెలో వాళ్ల ఇల్లు. వరండాలో నులకమంచం వేసి, దుప్పటి పరిచి, తలగడ పెట్టి ఉంది. నన్ను పడుకోబెట్టారు. లేచి కాళ్లు కడుక్కుంటానంటే సుజాత నీళ్లు తెచ్చి మంచం దగ్గరే నా కాళ్ల మీద పోసింది. లోపల నుంచి కోడికూర వాసన వస్తోంది. నాటుకోడి. ధనియాలు, ఎండుకొబ్బరి వేయించిన వాసన. నా నోట్లో నీళ్లూరాయి. కొంతసేపటికి కంచం వచ్చింది. దాన్లో మెత్తటి అన్నం, మిరియాల చారు, పక్కన ఉప్పు వేసి ఉడికించిన పెసరపప్పు.

కోడి ఏది? కోడి లోపల అందరూ తింటున్నారు. నాకు వినిపిస్తోంది.

కోపం వచ్చింది. అయినా పస్తుండలేక ఒక ముద్ద పెట్టుకున్నాను. చారు వేడిగా గొంతులో దిగింది. మిరియం అప్పుడే దంచింది, ఇంకా పలుకులుగా ఉంది. జీలకర్ర, నాలుగు ఎల్లిపాయలు, కొంచెం చింతపండు. ఆ అన్నం నమలక్కర్లేదు. సుజాత పక్కనే స్టూలు మీద కూర్చుని, కంచం ఖాళీ అయ్యేలోపే ఇంకొంచెం పెట్టింది. నేను లేవబోతే భుజం మీద చెయ్యేసి ఆపింది. చారన్నం చివరిదాకా లేవలేదు. గెలిచాను, ఇంక పెరుగే మిగిలింది అనుకుని ఆశగా అడిగాను.

"పెరుగా? వద్దు పెద్దమ్మా. సలువ చేస్తది" అంది సుజాత, కంచం తీసేస్తూ.

ఎవరి ఇంట్లోనైనా పెరుగు లేదంటారు, వద్దంటారా? ఇంతలో అనసూయ ఊళ్లో ఉండే ఆర్‌ఎంపీ డాక్టర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన బీపీ చూశాడు, కళ్లు చూశాడు, నాలుక చాపమన్నాడు. అప్పటికి నాకు ఓపిక నశించింది.

"నాకేమైందని ఇవన్నీ?" అని అరిచాను.

"నువ్వే గదక్కా చెప్పినవ్, ఆరాం లేదని" అంది అనసూయ బెదిరిపోయి. "ఎన్నో ఏండ్ల సంది లేదంటివి, ఇంట్ల పట్టించుకుంటలేరంటివి. నేను రాత్రంత పరేషాన్ అయిన."

"ఆరాం లేదంటే తీరిక లేదని! విశ్రాంతి లేదని!"

డాక్టరు మెషిన్ మడిచి పెట్టుకుంటూ తాపీగా చెప్పాడు. "మా తాన ఆరాం లేదంటె పానం బాగలేదని అర్థమమ్మా. బీమారున్నోళ్లే గట్లంటరు. మీకు అంతా మంచిగనే ఉంది."

అనసూయ నన్ను చూసింది, నేను అనసూయను చూశాను. ఇద్దరం మంచం ఊగిపోయేటట్టు నవ్వాం. వాకిట్లో ఆటో తుడుస్తున్న నర్సింహ కూడా నవ్వాడు. నవ్వనిదల్లా సుజాతే. కంచం పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఎటో చూస్తూ అంది:

"గది గూడ తప్పేం కాదు పెద్దమ్మా. నేను గూడ నెలకు ఒక్క దినం గట్లనే అంట. తలకాయ నొస్తుంది, ఆరాం లేదని పండుకుంట. ఏం నొయ్యదు. మా ఇంట్ల ఆరాం లేదంటేనే ఆరాం దొరుకుతది."

నర్సింహ చేతిలో గుడ్డ ఆగిపోయింది. డాక్టరు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. కోడలి తలనొప్పుల కోసం ఎన్నిసార్లు మాత్రలు తెప్పించిందో ఏమో, అనసూయ ముఖం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాను. కొంగుతో ముఖం తుడుచుకుని కోడలి వైపు తిరిగింది.

"నువ్వొక్కదానివేనా పిల్లా? నేను మా అత్త ఉన్నన్ని దినాలు నడుం నొప్పి అన్న. మా అత్త ఏం చెప్పి పండుకుందో మల్ల."

నాకు మళ్లీ కోపం వచ్చింది. ఒళ్లు బాగున్నంతకాలం లేచి నిలబడాలి. కూర్చోవాలంటే రోగం తెచ్చుకోవాలి, లేకపోతే నటించాలి. ఈ ఇంట్లో తరతరాలుగా అదే దారి. మా ఇంట్లో నాకు ఆ తెలివి కూడా లేకపోయింది, జ్వరంలోనూ వండాను. ఇందాక నేను పొందిన సుఖం గుర్తొచ్చింది. మంచం, కాళ్ల మీద నీళ్లు, భుజం మీద చెయ్యి. రోగిననుకుని చేశారు. ఇప్పుడు రోగం లేదని తేలింది కదా, అనసూయ అలవాటుగా అనేసింది: "అయితే లే అక్కా, ఊరు చూసొద్దం, వచ్చినంక రాత్రికి నీ చేతి గుత్తొంకాయ తిందం."

"లేవను" అన్నాను.

నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "నాకేం రోగం లేదు. గుత్తివంకాయ చెయ్యను. సుజాత కూడా చెయ్యదు. నువ్వూ చెయ్యొద్దు."

"మరి ఎవలు చెయ్యాలె?"

ముగ్గురం ఒకేసారి నర్సింహ వైపు చూశాం. అతను వెనక్కి తిరిగి చూసుకున్నాడు, అక్కడ ఆటో తప్ప ఎవరూ లేరు.

"నాకు తెల్వదు" అన్నాడు.

"దావత్‌లల్ల దోస్తులకు యాట కూర ఎవరు వండుతుండ్రు మరి?" అని అడిగింది సుజాత. "పోయిన నెల మీ దోస్తు పొలంకాడ అందరు నీ కూరనే మెచ్చుకున్నరని చెప్తివి గద. గప్పుడు తెలుసు, ఇప్పుడు తెల్వదా?"

ఆ రాత్రికి మిగిలిన చారన్నంతో సరిపెట్టుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం నాకు ప్రయాణం. ఆ పొద్దున వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టి నర్సింహ ఇంకో కోడిని వండాడు. మసాలా ఎక్కడుందని రెండుసార్లు లోపలికి కేకేశాడు. వెతుక్కోమంది సుజాత. మేము ముగ్గురం వరండాలో కూర్చున్నాం. మొదట నా చేతులు దుప్పటి కొసలు మడుస్తూ ఉన్నాయి. తర్వాత ఆగాయి. అనసూయ కాశీలో తప్పిపోయిన సంగతి చెప్పింది. సుజాత తనకు కుట్టుపని నేర్చుకోవాలని ఉందని చెప్పింది. ఎప్పుడైనా ఇంట్లో అన్నావా అని అనసూయ అడిగితే, ఎప్పుడు కూర్చున్నం గనుక అంది ఆ పిల్ల.

విస్తళ్లు పడ్డాయి. అన్నం కొంచెం పలుకు. కూరలో ఉప్పు తక్కువ, కారం ఎక్కువ, ధనియాలు సరిగ్గా వేగలేదు. మూడు సవరింపులు నా నాలుక చివరికి వచ్చాయి. మూడూ అన్నంతో పాటు మింగేశాను. అవి మింగడమే నాకు ఆ ప్రయాణంలో అన్నిటికన్నా కష్టమైన పని. మింగాక తెలిసింది, కూర చాలా బాగుంది. కట్టెల పొగ వాసనతో, ముక్క ఎముక వదిలేట్టు ఉడికి, రసం వేళ్ల మధ్య కారుతూ. పచ్చిపులుసు పోసుకున్నాను. నర్సింహ ఉప్పు తేవడం మర్చిపోయాడు. సుజాత లేవబోయింది, నేను ఆమె మోకాలు మీద చెయ్యి పెట్టాను. కొంతసేపటికి అతనే గమనించి తెచ్చాడు. ఆఖర్న పెరుగు. గేదె పెరుగు, గట్టిగా, మీగడతో. తింటుండగా ఫోను మోగింది. మోగనిచ్చాను. పెరుగన్నం చివరి ముద్ద దాకా లేవలేదు.

ఎంగిలి చెయ్యి అలాగే ఎండిపోతుంటే కాసేపు కూర్చున్నాను. ఇంత చిన్న సంగతికి నేను నరసరావుపేట నుంచి ఇంత దూరం రావాల్సి వచ్చిందా అని మళ్లీ కోపం వచ్చింది.

నాగర్‌కర్నూల్ నుంచి మహబూబ్‌నగర్‌కు బస్సులో వచ్చి సాయంత్రం బండి అందుకున్నాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఈ మూడు ఊళ్లకు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. గద్వాలలో చీర కొనుక్కోండి, రాట్నం తిప్పుతున్నామెకు కూడా చీర బాగుందని చెప్పండి. జూరాలలో ఫోను ఆపేసి చేప తినండి. ఎవరింట్లోనైనా జొన్నరొట్టె పెడితే వేడిగా ఉన్నప్పుడే తినండి, పెట్టినామె తిన్నదో లేదో అడగండి. ఆరాం అన్న మాట జాగ్రత్తగా వాడండి.

వనపర్తి రోడ్ స్టేషన్ దాటాక ఫోను మోగింది. కిశోర్.

"అమ్మా, రేపు నువ్వు రాగానే బోర్డు కట్టేద్దామనుకుంటున్నాం. పెయింటర్ కూడా పొద్దున్నే వస్తానన్నాడు."

"కట్టొద్దు. నేను చెయ్యను."

వాడు కంగారుపడ్డాడు. "ఏమైందమ్మా? ఒంట్లో బాగాలేదా?"

అవునంటే చాలు. మోకాళ్లనో, బీపీ అనో ఒక్క మాట అంటే బోర్డు ఆ రాత్రే అటకెక్కుతుంది. ఇంటికి వెళ్లేసరికి మంచం కూడా వేసి ఉంచుతారు. సుజాత తలనొప్పీ, అనసూయ నడుంనొప్పీ, ఆమె అత్త చెప్పిన ఆ ఏదో ఒక నొప్పీ నా నోటి దాకా వచ్చాయి.

"ఒంట్లో బ్రహ్మాండంగా ఉందిరా" అన్నాను. "అయినా చెయ్యను."

అవతల ఇద్దరు గుసగుసలాడుకోవడం వినిపించింది. ఫోను స్పీకర్‌లో పెట్టారన్నమాట. మా ఆయన గొంతు వచ్చింది.

"మరి రేపు పొద్దున కాఫీ?"

"కలిపి ఉంచండి. వచ్చి కూర్చుని తాగుతాను" అని, సుజాత కట్టిచ్చిన రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని విప్పాను.